జీవితం ఎక్కడ మొదలైందని అడిగిన న్యాయమూర్తి

న్యాయపీఠం ఎక్కిన వ్యక్తికి కులం ఉండదని మన న్యాయవ్యవస్థ తరచూ చెప్పుకుంటుంది. ప్రమాణ స్వీకారం చేసిన క్షణం నుంచి న్యాయమూర్తి పుట్టుకకు, పెంపకానికి, ఊరికి, వాడకు అతీతుడవుతాడని ఆ మాటకు అర్థం. వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కానీ చట్టం అందరికీ ఒకే పుస్తకంలో ఉన్నా, కేసులోని ఏ వాస్తవం ముఖ్యం, ఏది అప్రధానం అని తేల్చేది మనిషే. ఆ మనిషి ఏ జీవితాన్ని చూశాడన్న దాన్నిబట్టి అతడు వేసే ప్రశ్న మారుతుంది. ప్రశ్న మారితే తీర్పు మారుతుంది. ఈ సంగతిని పరిశీలించదలచిన వారికి తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన దళిత న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి వృత్తి జీవితాన్ని మించిన పాఠ్యాంశం లేదు.

పేరు వినగానే కొందరికి 1993లో పార్లమెంటులో అభిశంసన తీర్మానాన్ని ఎదుర్కొన్న జస్టిస్ వి. రామస్వామి గుర్తుకు వస్తారు. ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరూ ఒకే కాలంలో సుప్రీంకోర్టులో ఉండటం, ఇంటిపేరు అక్షరం తప్ప పేరులో తేడా లేకపోవడం వల్ల, ఒకరికి చుట్టుకున్న వివాదం మరొకరి కృషిని జనస్మృతిలో కప్పేసింది. కె. రామస్వామి 1932 జూలై 13న జన్మించారు. భీమవరంలో కళాశాల చదువు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి 1962లో న్యాయవాదిగా నమోదయ్యారు. ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేశాక 1982లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1989 అక్టోబరులో సుప్రీంకోర్టుకు వెళ్ళి 1997 జూలై దాకా పనిచేశారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 30 ఏళ్ళ తర్వాత గానీ, 1980 డిసెంబరులో జస్టిస్ ఎ. వరదరాజన్ రూపంలో గానీ, అత్యున్నత న్యాయస్థానం ఒక దళిత న్యాయమూర్తిని చూడలేదు. ఆయన తర్వాత బి.సి. రే, ఆ తర్వాత కె. రామస్వామి.

ఆయన అక్కడ గడిపిన దాదాపు ఎనిమిదేళ్ళు దేశ చరిత్రలో సామాన్యమైనవి కావు. మండల్ సిఫార్సుల అమలు, దానికి వ్యతిరేకంగా ప్రతిభ పేరిట సాగిన ఆందోళన, అంబేడ్కర్ శతజయంతి, చుండూరు మారణకాండ, బాబ్రీ మసీదు కూల్చివేత, ఆర్థిక సరళీకరణ అన్నీ ఆ కాలంలోనివే. కులం, భూమి, మతం, పెట్టుబడి నాలుగూ కోర్టు గడప తొక్కిన దశ అది. ఆ నాలుగింటి మీదా ఆయన తీర్పులు రాశారు. విడివిడిగా చూస్తే అవి వేర్వేరు చట్టాల కింద వచ్చిన వేర్వేరు వ్యాజ్యాలు. కలిపి చదివితే వాటన్నిటి అడుగున ఒకే విచారణ కనిపిస్తుంది: కోర్టు ముందు నిలబడిన ఈ మనిషి జీవితం ఎక్కడ మొదలైంది? ఏ మెట్టు మీద మొదలైంది?

మొదట నీటి కేసు చూద్దాం. కర్ణాటకలో ఒక గ్రామంలో కొత్తగా వేసిన బోరుబావి నుంచి దళితులు నీళ్ళు పట్టుకోకుండా ఆధిపత్య కులాల వారు బలప్రదర్శనతో అడ్డుకున్నారు. పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద దిగువ కోర్టులు శిక్ష వేస్తే, హైకోర్టు నిందితులను విడుదల చేసింది. ‘కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ అప్పా బాలు ఇంగళె’ పేరిట ఆ అప్పీలు సుప్రీంకోర్టుకు వచ్చింది. 1992 డిసెంబరు 1న హైకోర్టు తీర్పును కొట్టివేస్తూ జస్టిస్ కుల్దీప్ సింగ్ ఇచ్చిన తీర్పుతో ఏకీభవించిన రామస్వామి, అంతటితో ఊరుకోలేదు. విడిగా ఒక సుదీర్ఘ అభిప్రాయం రాశారు. అంటరానితనం పుట్టుక, దాని మతపరమైన సమర్థనలు, అంబేడ్కర్ చేసిన విశ్లేషణ, 17వ అధికరణ లక్ష్యం అన్నీ అందులో చర్చకు వచ్చాయి. సాధారణ నేరాల్లో వెతికినట్టు ఇక్కడ కూడా నిందితుడి మనసులోని దురుద్దేశాన్ని రుజువు చేయమనడం తగదని ఆయన వాదించారు. అంటరానితనం పాటించేవాడు తాను తప్పు చేస్తున్నానని అనుకోడు. ఆచారం పాటిస్తున్నాననుకుంటాడు. కాబట్టి దురుద్దేశపు రుజువు అడిగితే ఆ నేరం ఎన్నటికీ రుజువు కాదు. బావి దగ్గర నిలబడి ఖాళీ బిందెతో వెనుదిరిగిన వారి వైపు నుంచి చూస్తే తప్ప ఈ తర్కం తట్టదు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు ఊరి కథ కాదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగల ఊచకోతకు దారితీసిన గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే. 1927లో అంబేడ్కర్ మహాడ్‌లో చేసిన తొలి పెద్ద పోరాటమూ చెరువు నీళ్ళ కోసమే. ఆ వరుసలో బోరుబావి కేసును నిలబెట్టి చూడగలగడం న్యాయశాస్త్ర పాండిత్యం ఒక్కదాని వల్ల వచ్చేది కాదు.

రెండోది, ఈ నగరంలో ప్రతి విద్యార్థి జీవితాన్నీ తాకిన తీర్పు. ప్రవేశాల కాలం వచ్చిందంటే తార్నాక, అంబర్‌పేట్ ప్రాంతాల మీ-సేవ కేంద్రాల ముందు కుల ధ్రువీకరణ పత్రాల కోసం పిల్లలు, తల్లిదండ్రులు బారులు తీరుతారు. ఆ పత్రం ఎలా పరిశీలించాలి, ఎవరు పరిశీలించాలి, తప్పుడుదని తేలితే ఏం చేయాలి అన్న విధివిధానాలకు జాతీయ స్థాయిలో మూలం 1994 సెప్టెంబరులో ఆయన ఇచ్చిన ‘కుమారి మాధురీ పాటిల్’ తీర్పు. మహారాష్ట్రలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు మహదేవ్ కోలి అనే షెడ్యూల్డ్ తెగ పేరిట వైద్య విద్యలో సీట్లు పొందారు. పరిశీలనలో వారు ఆ తెగకు చెందరని తేలింది. ఒక తప్పుడు పత్రం అంటే ఎక్కడో కొండవాలులో చదువుకున్న నిజమైన గిరిజన బిడ్డ నుంచి లాక్కున్న సీటు అన్న స్పృహతో రామస్వామి ఆ తీర్పు రాశారు. పరిశీలన సంఘాలు, విచారణకు నిఘా విభాగం, తెగ ఆచార వ్యవహారాల మీద అవగాహన ఉన్న అధికారుల ప్రమేయం వంటి మార్గదర్శకాలు నిర్దేశించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 1993 నాటి 16వ చట్టం ఉంది. అలాంటి చట్టం లేని రాష్ట్రాలకు ఈ తీర్పే చట్టమైంది. 2011లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా దాన్ని సమర్థించింది.

ఇందులో మరో పార్శ్వం లేకపోలేదు. దొంగను పట్టుకోవడానికి వేసిన కంచె కొన్నిసార్లు ఇంటివాడినే గాయపరుస్తుంది. తాతముత్తాతల కాగితాలు చూపలేని సంచార జాతుల వారు, ఊరు వదిలి వలస వచ్చినవారు, అసలైన హక్కుదారులై ఉండి కూడా పరిశీలన సంఘాల చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. ఇది ఆ తీర్పు ఉద్దేశంలోని దోషం కాదు. అమలు చేసే యంత్రాంగం దళిత, గిరిజన జీవితాలకు ఎంత దూరంగా ఉందో చెప్పే సూచిక. అయినా ఆయన్ను గౌరవించేవారు కూడా దీన్ని విస్మరించకూడదు.

ఇక ఆయన దృక్పథానికి గుండెకాయ వంటిది 1996 జనవరిలో వచ్చిన ‘వల్సమ్మ పాల్’ తీర్పు. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మాలాంటి వారికి అది మరింత దగ్గరిది. ఎందుకంటే వివాదం ఒక న్యాయశాస్త్ర అధ్యాపక పోస్టు గురించి. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఖాళీగా ఉన్న రెండు పోస్టుల్లో ఒకటి వెనుకబడిన మత్స్యకార వర్గమైన లాటిన్ కేథలిక్కులకు కేటాయించారు. సిరియన్ క్రైస్తవ కుటుంబంలో, అంటే కేరళ సమాజంలో పై మెట్టు మీద, పుట్టి లాటిన్ కేథలిక్కును పెళ్ళి చేసుకున్న మహిళ ఆ పోస్టులో నియమితురాలైంది. పెళ్ళితో ఆమె భర్త కులంలో చేరినట్టేనా? చేరితే రిజర్వేషన్ కూడా వెంట వస్తుందా?

సంప్రదాయ ధర్మశాస్త్రం ప్రకారం అయితే జవాబు సులభం. భార్యది భర్త కులం. రామస్వామి ఆ దారిన వెళ్ళలేదు. పెళ్ళితో ఆమె ఆ కుటుంబంలో సభ్యురాలవుతుంది, సందేహం లేదు. కానీ రిజర్వేషన్ అనేది కులనామానికి ఇచ్చే బహుమతి కాదు. పుట్టుక నుంచి అనుభవించిన వెలివేతకు, అవమానానికి, లేమికి రాజ్యాంగం ఇచ్చిన పరిహారం. పై మెట్టు మీద పుట్టి, ఆ సౌకర్యాలతో చదివి, ముందుకు సాగిన వ్యక్తి మధ్యలో వచ్చిన బంధుత్వంతో ఆ పరిహారాన్ని కోరలేదని ఆయన తేల్చారు. అదే తీర్పులో కులాంతర వివాహాల అవసరాన్ని ఎంతో బలంగా సమర్థించడం గమనించాలి. కులాలు కలవాలి. అయితే ఆ కలయిక పేరిట అట్టడుగువాడి కుర్చీ పైవాడికి పోకూడదు. ఈ రెండు మాటలనూ ఒకే తీర్పులో, ఒకదానికొకటి అడ్డు రాకుండా నిలబెట్టడం సామాన్యమైన పని కాదు.

అయితే ఈ సూత్రాన్ని తిప్పి చూస్తే ఏమవుతుంది? పై కులపు తండ్రికి, దళిత లేక గిరిజన తల్లికి పుట్టి, తల్లి వాడలోనే, ఆ వాడ అవమానాల మధ్యనే పెరిగిన బిడ్డ సంగతేమిటి? వల్సమ్మ పాల్ తీర్పును యాంత్రికంగా చదివిన కొన్ని కోర్టులు, పెళ్ళితో భార్య భర్త కులానికి చెందుతుంది, బిడ్డకు తండ్రి కులమే అన్నాయి. 2012లో ‘రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా’ కేసులో సుప్రీంకోర్టు ఈ పొరపాటును సరిదిద్దింది. తండ్రి కులమే అన్న భావనకు మొగ్గు ఉన్నా అది తిరుగులేనిది కాదనీ, బిడ్డ ఎక్కడ, ఎలా పెరిగాడన్నది సాక్ష్యాలతో తేల్చాల్సిన వాస్తవమనీ చెప్పింది. నిజానికి ఇది రామస్వామి వేసిన ప్రశ్ననే మరింత నిజాయితీగా మళ్ళీ వేయడం.

ఈ ప్రశ్న ఎంత ప్రాణాంతకమో హైదరాబాద్ నగరానికి వేరే చెప్పనక్కరలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణాలు తీసుకున్నాక, ఆ మరణానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కంటే అతడి కులమేమిటన్న ప్రశ్నే పెద్దదైంది. దళిత తల్లి పెంపకంలో పెరిగిన కుమారుణ్ని తండ్రి కులంతో కొలిచారు. 2024 మే నెలలో బయటికి వచ్చిన పోలీసుల మూసివేత నివేదిక కూడా అతడు షెడ్యూల్డ్ కులానికి చెందడనే చెప్పింది. తీవ్ర నిరసన వచ్చాక తదుపరి దర్యాప్తు జరుపుతామని పోలీసు యంత్రాంగం ప్రకటించింది. జీవితం ఎక్కడ మొదలైంది, ఎలా సాగింది అని అడగవలసిన చోట కేవలం కాగితం మీద తండ్రి పేరు పక్కన ఏముందని అడగడం, వల్సమ్మ పాల్ తీర్పు ఆత్మకే విరుద్ధం.

గుడి, భూమి విషయాల్లోనూ ఆయనది ఇదే కొలబద్ద. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల, మిరాసీదారుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. దానికి జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సులు పునాది. ‘ఎ.ఎస్. నారాయణ దీక్షితులు’ కేసులో ఆ రద్దును సుప్రీంకోర్టు 1996 మార్చిలో సమర్థించింది. ఆ ధర్మాసనం తరఫున రామస్వామి రాసిన తీర్పు పూజా విధానానికీ, పూజారి నియామకానికీ మధ్య గీత గీసింది. ఆగమాల ప్రకారం పూజ జరగడం మతం. ఆ పూజ చేసే ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా రావడం మతం కాదు, లౌకిక వ్యవహారం. పుట్టుకే అర్హత అన్న సూత్రాన్ని గర్భగుడి గడప దాకా వెళ్ళి ప్రశ్నించిన తీర్పు ఇది.

భూమి విషయానికి వస్తే, ప్రభుత్వం భిల్లు గిరిజనుడికి కేటాయించిన భూమిని అమ్మకానికి పెట్టడంపై వచ్చిన ‘మురళీధర్ దయాన్‌దేవ్ కేసేకర్’ కేసులో, పేదలకు ఇచ్చిన భూమి వారి చేతి నుంచి జారిపోకుండా కాపాడటం రాజ్యాంగ బాధ్యతేనని 1995లో ఆయన చెప్పారు. కొనుగోలుదారు, అమ్మకందారు ఇష్టపడి రాసుకున్న కాగితం కదా అని వదిలేయలేదు. ఆకలితో ఉన్నవాడి ‘ఇష్టం’ ఎంత స్వేచ్ఛగా ఉంటుందో ఆయనకు తెలుసు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉన్నా మన రెండు రాష్ట్రాల్లో ఆ భూములు ఎలా చేతులు మారాయో చూస్తున్నవారికి ఆ తీర్పు విలువ తెలుస్తుంది.

వీటన్నిటికీ శిఖరం సమత తీర్పు. విశాఖ మన్యంలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో, ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ నిషేధించే 1/70 నిబంధన ఉండగా ఇదెలా సాధ్యమని సమత అనే స్వచ్ఛంద సంస్థ ప్రశ్నించింది. నిబంధన వ్యక్తులకే గానీ ప్రభుత్వానికి వర్తించదన్నది ఎదుటి పక్షం వాదన. 1997 జూలై 11న, పదవీ విరమణకు ఒక రోజు ముందు, రామస్వామి మెజారిటీ తీర్పు వెలువరించారు. నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరుడికి, ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇస్తే చెల్లదు. జస్టిస్ సగీర్ అహ్మద్ ఏకీభవించారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పుపై సందేహాలు వ్యక్తం చేసినా, మన్యంలో గనుల తవ్వకాన్ని ఎదిరించే ప్రతి గిరిజన ఉద్యమానికీ నేటికీ ఆధారం అదే.

ఆయన రచనా పద్ధతిపై విమర్శలున్నాయి. తీర్పులు మరీ సుదీర్ఘమనీ, వివాదాంశంతో పని లేని చరిత్రను, సమాజశాస్త్రాన్ని గుదిగుచ్చుతారనీ న్యాయవాదులు అంటుంటారు. ఈ విమర్శలో కొంత నిజముంది. కానీ ఆయన తీర్పులు రాసిన తీరు ఆచార్యుడి తీరు. తరగతి గదిలో ముందు నేపథ్యం చెప్పి, తర్వాత సూత్రం చెప్పే పద్ధతి. అంటరానితనమంటే ఏమిటో తెలిసిన శ్రోతలకు నాలుగు వాక్యాలు చాలు. తెలియని న్యాయవ్యవస్థకు నలభై పేజీలు రాయాల్సి వచ్చిందంటే, ఆ నిడివికి బాధ్యత పాక్షికంగా శ్రోతలది కూడా.

మరో మాట కూడా నిష్కర్షగా చెప్పుకోవాలి. జీవితం ఎక్కడ మొదలైందన్న ఈ ప్రశ్న పై కులాలను నిలదీయడానికి మాత్రమే పనికొచ్చేది కాదు. షెడ్యూల్డ్ కులాల లోపల కూడా అది వర్తిస్తుంది. ఆయన పదవీ విరమణ చేసిన ఏడాదే జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీల వర్గీకరణను సిఫార్సు చేసింది. 2004లో ‘ఇ.వి. చిన్నయ్య’ తీర్పు వర్గీకరణను కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తిరగరాసి, వర్గీకరణకు దారి తెరిచింది. మాల, మాదిగ, రెల్లి, డక్కలి కుటుంబాల్లో పుట్టిన బిడ్డలందరి జీవితం ఒకే మెట్టు మీద మొదలవుతోందా అన్నది ఆ వివాద సారాంశం. పైవారిని అడిగిన ప్రశ్నను మనలో మనం అడుక్కోవడానికి వెనకాడితే, ఆ ప్రశ్నకు నైతిక బలం మిగలదు.

ఇంతటి కృషి చేసిన న్యాయమూర్తి వెళ్ళిపోయాక పీఠం పరిస్థితి ఏమిటి? ఆయన పదవీ విరమణ చేసిన రెండు వారాలకు కె.ఆర్. నారాయణన్ తొలి దళిత రాష్ట్రపతి అయ్యారు. ఆ తరుణంలో సుప్రీంకోర్టులో ఒక్క దళిత న్యాయమూర్తీ లేరు. నియామకాల దస్త్రం మీద 1998లో నారాయణన్ ఈ లోటును ప్రస్తావిస్తూ రాసిన నోట్ అప్పట్లో పెద్ద చర్చకు దారితీసింది. 2000లో కె.జి. బాలకృష్ణన్ వచ్చారు. 2010లో ఆయన విరమించాక 2019లో బి.ఆర్. గవాయ్ వచ్చేదాకా, తొమ్మిదేళ్ళు మళ్ళీ ఆ కుర్చీ ఖాళీ. హైకోర్టుల లెక్క ఇంకా దారుణం. న్యాయశాఖ పార్లమెంటరీ సంఘానికి ఇచ్చిన వివరాల ప్రకారం 2018 నుంచి 2022 దాకా నియమితులైన 537 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం, ఓబీసీలు 11 శాతం మాత్రమే. అర్హులు దొరకడం లేదన్న పాత పాటే సమాధానం. భీమవరం, వాల్తేరుల్లో చదివి, జిల్లా నేపథ్యం నుంచి వెళ్ళిన వ్యక్తి దేశానికి సమత తీర్పు ఇవ్వగలిగాడన్నది ఆ పాటకు చాలినంత జవాబు.

దళిత న్యాయమూర్తి ఉంటే దళితులకు అనుకూలంగా తీర్పు వస్తుందన్నది ఇక్కడి వాదన కాదు. మాధురీ పాటిల్ కేసులో రిజర్వేషన్ కోరిన వారే ఓడిపోయారు. వల్సమ్మ పాల్ కేసులోనూ అంతే. పీఠం మీద వైవిధ్యం ఉంటే వాస్తవాలు పూర్తిగా కనిపిస్తాయన్నదే వాదన. ఒకే రకమైన ఇళ్ళ నుంచి, ఒకే రకమైన చాంబర్ల నుంచి వచ్చిన వారితో నిండిన ధర్మాసనం ఎంత నిష్పక్షపాతంగా ఉండాలనుకున్నా, తనకు తెలియని జీవితం గురించి ప్రశ్న వేయలేదు.

1953లో అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చి తనను తాను గౌరవించుకున్నది ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇదే ప్రాంగణంలో రాజ్యాంగం చదివే నా విద్యార్థులు కేశవానంద భారతిని, మేనకా గాంధీని తడుముకోకుండా చెబుతారు. అప్పా బాలు ఇంగళె పేరు చెబితే ముఖముఖాలు చూసుకుంటారు. సమత అంటే గిరిజన విద్యార్థులే చేయెత్తుతారు. పాఠ్యప్రణాళిక రూపొందించేవారం ఈ లోటు మొదట తీర్చాలి. కె. రామస్వామి తీర్పులను తెలుగులోకి తెచ్చి, విమర్శతో సహా, తరగతి గదిలో పెట్టాలి. న్యాయమూర్తుల నియామకాల్లో సామాజిక ప్రాతినిధ్యాన్ని సంప్రదాయంగా కాక, బాధ్యతగా లిఖితపూర్వక నిబంధనల్లో చేర్చాలని పార్లమెంటు మీద, కొలీజియం మీద ఒత్తిడి తేవాలి. అది జరగనంత కాలం, తర్వాతి బోరుబావి కేసు ఏ ధర్మాసనం ముందుకు వెళ్తుందో, అక్కడ ఎవరు ఏం అడుగుతారో మనం అదృష్టానికే వదిలేసినట్టు.